కూల్చే ముందు ఒక జాబితా రాయండి: తీరప్రాంతపు పాత ఇళ్ల సామాను గురించి బహిరంగ లేఖ

తిరుపతి జిల్లాలో పాత కట్టడాల, పాత వస్తువుల బాధ్యత చూసే అధికారులకు, కూల్చివేతలకు, కొత్త కట్టడాలకు అనుమతులిచ్చే అధికారులకు, ఇళ్లకూ హోటళ్లకూ లోపలి అలంకరణ చేసే నిపుణులకు

నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించాను. మా అమ్మగారి పుట్టిల్లు వాకాడు మండలంలో, సముద్రానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, బకింగ్‌హాం కాలువకు ఇవతల ఒక పల్లెలో ఉండేది. ఆ ఇంటి విషయమై రెండేళ్లలో మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి రసీదు దొరికింది. రెండవది తమ పరిధిలోకి రాదని మరొక కార్యాలయానికి పంపారు. మూడవదానికి నా ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడినది" అన్న సందేశం వచ్చింది. అప్పటికి ఆ స్థలంలో పునాది రాళ్లు తప్ప మరేమీ మిగలలేదు కనుక, ఒక విధంగా ఆ మాట నిజమే. ఏ కార్యాలయం పేరూ నేనిక్కడ రాయడం లేదు. ఎవరో ఒక గుమాస్తాను దోషిగా నిలబెట్టడం వలన పోయిన తలుపు తిరిగి రాదు, ఉన్న తలుపు నిలవదు.

నేను ఆ ఇల్లు కూల్చవద్దని అడగలేదని ముందుగా స్పష్టం చేస్తున్నాను. అయిదుగురు అన్నదమ్ముల బిడ్డల మధ్య పంపకం జరిగిన ఇల్లు అది. ఎవరూ అక్కడ ఉండడం లేదు, పెంకులు జారి వాన లోపలికి వస్తోంది, చుట్టూ పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. అమ్ముకోవడం వారి హక్కు, వారి అవసరం కూడా. నేను కోరినది ఒక్కటే. కూల్చే ముందు ఒక మనిషి, ఒక కొలటేపు, ఒక కెమెరాతో వచ్చి, ఒక్క రోజు ఉండి, ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో, దాన్ని ఏమని పిలిచేవారో, దేనికి వాడేవారో రాసుకుని వెళ్లమని. ఆ మనిషి రాలేదు. లారీ మాత్రం వచ్చింది. రెండు రోజుల్లో పని ముగించుకుని పోయింది.

ఏమి పోయిందో చెప్పకుండా నేను అడుగుతున్నదేమిటో అర్థం కాదు కాబట్టి ఆ ఇంటిని కొంత వివరంగా చెబుతాను. వీధి గుమ్మానికి రెండు పక్కలా అరుగులు. కుడి అరుగు జానెడు ఎత్తు, ఎడమది తక్కువ. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ ఎత్తే చెప్పేది, నోరు విప్పి ఎవరూ చెప్పనక్కరలేకపోయేది. గడప దాటితే వసారా. దాని కప్పును మోసినవి చేవ తేలిన తాటి దూలాలు. తాడి చేలగట్ల మీదే దొరికేది, చేవ తేలిన తాడి చెదకూ ఉప్పుగాలికీ ఓర్చుకునేది. అందుకే కాస్త కలిగిన ఇళ్లలో సైతం టేకును ద్వారబంధాలకు, తలుపులకు, పెట్టెలకు మాత్రమే వాడుకునేవారు. మా ఇంటి టేకు రంగూను నుంచి ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి పడవలో కాలువ మీదుగా వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. 1806లో మద్రాసు ఉత్తరాన మొదలై, 1878 నాటికి బకింగ్‌హాం దొర పేరు తెచ్చుకున్న ఆ కాలువ మీద కట్టెలు, ఉప్పు, ధాన్యం మాత్రమే నడిచాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మా పల్లెల్లోని మంచాలు, బీరువాలు, బంగళా పెంకులు కూడా ఆ నీళ్ల మీదనే వచ్చాయి. పెంకుల అడుగున తయారీదారుల ముద్రలుండేవి. పిల్లలం వాటి మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసేవాళ్లం. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత సంస్థ వారు యంత్రాల మీద పెంకులు చేయడం మొదలుపెట్టిన తరువాతనే మన ఇళ్ల కప్పులు చేత్తో చేసిన కూన పెంకుల నుంచి బంగళా పెంకులకు మారాయన్న సంగతి నాకు బడిలో తెలియలేదు, ఆ అచ్చుల వలన తెలిసింది.

గోడలకు వాడినది గుల్ల సున్నం. పులికాట్ సరస్సులో దొరికే గుల్లలను బట్టీలో కాల్చి, గానుగలో ఇసుకతో నూరి, బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. పై పూతలో కోడిగుడ్డు తెల్లసొన వేసి నున్నని రాయితో రోజుల తరబడి రుద్దేవారు. వేసవి మధ్యాహ్నం ఆ గోడకు చెంప ఆనిస్తే కుండను తాకినట్టు చల్లగా ఉండేది. గోడలోనే దీపపు గూళ్లు. ఒక్కొక్క గూటి పైన మసి మరక ఎంత ఎత్తున ఉన్నదో చూసి ఆ గదిలో రాత్రి ఎంతసేపు మెలకువగా ఉండేవారో చెప్పవచ్చు. మా మేనమామగారి గదిలో మరక పొడుగు, ఆయన లెక్కలు రాసేవారు.

నడిమింట్లో ఉయ్యాల బల్ల. ఒకే చెక్క, ఆరడుగుల పొడవు, ఇత్తడి గొలుసులు, గొలుసు లంకెల మధ్య చిన్న చిలుకలు. పగలు పెద్దలకు, రాత్రి బాలింతకు. పక్కగదిలో తరిమెన పట్టిన (లేత్ మీద తిప్పి గుండ్రంగా చెక్కిన) కాళ్లతో పందిరి మంచం. దానికి నవారు బిగించడం ఏటా సంక్రాంతికి ముందు ఇద్దరు మగవాళ్ల పని. గోడ వారగా భోషాణం, అంటే పెద్ద చెక్క పెట్టె. దాని మీద పరుపు వేసుకుని మా అమ్మమ్మ పడుకునేది. ఇంట్లో ఎవరి చేతికీ అందని మంచం అదే, ఎవరూ దొంగిలించలేని పెట్టె కూడా అదే. వంటింటి వెనుక చీకటి కొట్టులో పింగాణీ జాడీలు, ఉట్లు, దూలానికి వేలాడే కందగడ్డల బుట్ట, మూలన తిరగలి.

ఆ ఇళ్లు స్వర్గాలని నేను అనడం లేదు. వంటింటికి పొగ పోయేందుకు జానెడు కంత తప్ప జన్నెల (కిటికీ) లేదు, మా అమ్మమ్మ అరవయ్యో యేటికే చూపు పోగొట్టుకుంది. పెరట్లో తలుపు సరిగా పడని ఒక గది ఉండేది, నెలకు మూడు రోజులు ఆడవాళ్లు అందులో ఉండాలి. అక్కడి ఈత చాప, సత్తు గ్లాసు, గోడకు కొట్టిన మేకు కూడా ఆ ఇంటి సామానే. ఉయ్యాల బల్లను రాసుకుని ఆ సత్తు గ్లాసును వదిలేసే జాబితాను నేను అంగీకరించను.

కూల్చివేత జరిగిన ఎనిమిది నెలలకు, బంధువుల పెళ్లి చూపుల కోసం తిరుపతిలోని ఒక హోటలుకు వెళ్లాను. భోజనాల హాలు ముందున్న గదిలో గాజు పలక పరిచి పూలకుండీ పెట్టిన ఒక బల్ల కనిపించింది. అంచున మా పెదనాన్న కొడుకు చిన్నప్పుడు చాకుతో చెక్కిన తన పేరులోని మొదటి అక్షరం ఉంది, గొలుసు కట్టే కన్నాలు నాలుగూ ఉన్నాయి, గొలుసులు లేవు. పక్కన చిన్న పలక మీద "చెట్టినాడు ఊయల, 19వ శతాబ్దం" అని రాసి ఉంది. అది తమిళనాడులోని చెట్టినాడుది కాదని, వాకాడు దగ్గరిదని అక్కడి మేనేజరుకు చెబితే, ఆయన మర్యాదగానే విని, "మేడమ్, చెట్టినాడు అంటేనే కస్టమర్లకు తెలుస్తుంది" అన్నారు. ఆయన తప్పు కాదు. ఆ బల్లకు మరో పేరు చెప్పగల కాగితం ఈ లోకంలో ఎక్కడా లేదు.

ఇది ఈ తీరానికి కొత్తగా జరిగిన అవమానం కాదు. పదిహేడవ శతాబ్దంలో కోరమండల్ తీరపు వడ్రంగులు నల్లచేవ కర్రను అణువణువూ పువ్వులు, పక్షులు, మనుషుల బొమ్మలతో చెక్కి కుర్చీలు, మంచాలు చేశారు. అవి ఓడలెక్కి ఇంగ్లండు చేరాయి. ఎక్కడివో రాసిపెట్టిన వారు లేకపోవడంతో, పద్దెనిమిదవ శతాబ్దంలో హొరేస్ వాల్పోల్ అనే పెద్దమనిషి అలాంటి కుర్చీలను తమ దేశపు ట్యూడర్ రాజుల కాలం నాటివని నమ్మి కొని, తన భవంతిలో గర్వంగా పెట్టుకున్నాడు. అవి మన తీరపువని పండితులు తేల్చడానికి చాలాకాలం పట్టింది. విశాఖపట్నంలో కర్రలో దంతాన్ని పొదిగి, దంతం మీద గీతలు గీసి, ఆ గీతల్లో లక్క నింపి చేసిన పెట్టెలు, బల్లలు ఇప్పుడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఊరి పేరైనా నిలిచింది, అక్కడ ఎవరో రాసుకున్నారు కనుక.

తిరుపతికి సముద్రమేమిటని మా పాత విద్యార్థి ఒకరు నవ్వారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు వాకాడు, సూళ్లూరుపేట, తడ తీరాలు మన జిల్లాలోకి వచ్చాయని మనలో చాలామందికి ఇంకా మనసుకు ఎక్కలేదు. ఆ తీరంలోనే దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు వర్తకులు అక్కడ స్థావరం పెట్టుకుని ఆ ఊరిని ఆర్మగాన్ అన్నారు. ఆ స్థావరపు అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో, చంద్రగిరి రాజుల కింద తీరాన్ని ఏలిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించాడు. సరస్సుకు దక్షిణాన పులికాట్‌లో డచ్చివారు 1613లోనే కోట కట్టుకున్నారు. వారు వచ్చినది మన గుడ్డల కోసం. మంచం మీద పరిచే "పలంగ్ పోష్" వారి నోట పాలంపోర్ అయింది. మన అద్దకపు దుప్పట్లు, తెరలు ఐరోపా పడకగదులను ఎంతగా ఆక్రమించాయంటే తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లో, మళ్లీ 1721లో వాటిని అడ్డుకునే చట్టాలు చేసుకోవలసి వచ్చింది. ఆ రాకపోకల గుర్తులు మన ఇళ్లలో మాటలుగా మిగిలాయి. చిత్తూరు వైపు మనం జన్నెల అంటున్నది పోర్చుగీసు వారి జనేలా. అలమర వారిదే, ఇస్త్రీ కూడా వారిదేనంటారు. వస్తువు పోతే దాన్ని పట్టుకుని ఉన్న మాట మరో తరం నిలవదు.

ఇక ఈ నిర్లక్ష్యం వలన మామూలు మనుషులకు జరుగుతున్నదేమిటో వరుస సంఖ్యలతో రాస్తున్నాను. తరువాత వచ్చే కోరికలకు కూడా అవే సంఖ్యలు కొనసాగిస్తున్నాను, జవాబు రాసేవారు సంఖ్యను ఉదహరించడానికి వీలుగా.

1. అమ్ముకునేవారు మోసపోతున్నారు. మా ఇంటి ఉయ్యాల బల్ల గొలుసులతో కలిపి పన్నెండు వేలకు పోయింది. చెక్కిన ద్వారబంధాన్ని కట్టెల లెక్కన తూచారు. గంగాళాలు, కాగులు, మరచెంబులు పాత ఇత్తడి ధరకు కరిగిపోయాయి. మా పక్క వీధిలో భర్త పోయిన ఒకావిడ కూతురి ఫీజు కోసం తలుపుల జత అమ్మింది. ఆ డబ్బు ఒక టర్ముకే సరిపోయింది. వస్తువు వయసెంతో, పనితనమేమిటో చెప్పే కాగితం ఒక్కటి ఆమె చేతిలో ఉంటే బేరం ఆ తీరున జరిగేది కాదు.

2. చట్టం ఉన్నది, పల్లెకు తెలియదు. పురావస్తువుల, కళానిధుల చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. కళావస్తువులే కాక, గతకాలపు చేతిపనులను, ఆచారాలను తెలియజేసే వస్తువులు, కట్టడం నుంచి ఊడదీసిన వస్తువులు కూడా, నూరేళ్లకు తక్కువ కానివైతే, ఆ చట్టం దృష్టిలో పురావస్తువులే. వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప ఎవరూ వాటిని దేశం దాటించకూడదు. మా ఇంటికి లారీ తెచ్చిన వ్యక్తిని లైసెన్సు అడిగాను. డ్రైవింగ్ లైసెన్సు చూపించాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

3. వడ్రంగి పని చేసే యువకులకు చూసి నేర్చుకునేందుకు వస్తువు లేకుండా పోతోంది. మా భోషాణంలో ఒక్క ఇనుప మేకు లేదు. ఒక చెక్కలోకి మరో చెక్కను దూర్చి, వెదురు మేకుతో బిగించిన అతుకులే. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి కర్రను చీలుస్తుందని ఆ వడ్రంగికి తెలుసు. ఏర్పేడు మండలంలోని మాధవమాలలో ఇప్పటికీ కర్ర చెక్కేవారు ఉన్నారు. దేవతామూర్తుల కొలతలు వారికి తరతరాలుగా అందాయి. తీరపు ఇళ్ల బల్ల, పెట్టె, తలుపు కొలతలు ఎవరికీ అందలేదు. బాడిస, ఉలి, చిత్రిక చేతిలో ఉన్నవాడికి పాత పని ఎదురుగా ఉంటే కొత్త బేరం దొరుకుతుంది. ప్లైవుడ్ బీరువాలు బిగించడమే మిగిలితే ఆ ఉలి ఇంటికి పోయి పడుకుంటుంది.

4. పేదవారి ఇల్లు లెక్కలోకే రావడం లేదు. పాత సామాను అనగానే అందరికీ టేకు, ఇత్తడి గుర్తుకు వస్తాయి. తీరంలో ఎక్కువమంది బతికినది చుట్టిళ్లలో. గుండ్రని మట్టి గోడ, నేలకు మూడు నాలుగడుగుల ఎత్తు వరకు దిగిన తాటాకు కప్పు, వంగితే తప్ప దూరలేని వాకిలి. గాలికి ఎదురు నిలిచే చదును గోడ ఆ ఇంటికి లేదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటిన రాత్రి మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోతే, మా అమ్మమ్మ పిల్లలను తీసుకుని వెనుక వీధిలోని ఒక చుట్టింట్లో తల దాచుకుంది. మామూలు రోజుల్లో ఆ ఇంటివారు మా ఎడమ అరుగు దాటి పైకి వచ్చేవారు కారు. ఆ చుట్టింటి లోపల ఉన్నవి ఒక నులక మంచం, రెండు ఉట్లు, వల, మట్టి పొయ్యి, తాటాకు బుట్టలు, దేవుడి గూడు. అవి వస్తువులు కావా? 1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశాక ఆ దీవి విడిచి వచ్చిన కుటుంబాల ఇళ్లలో ఏముండేదో చూపించడానికి పిల్లలను తీసుకువెళ్లగల చోటు నా ఉద్యోగకాలమంతా వెతికినా నాకు దొరకలేదు.

5. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పక్కన ఎందరి ఇళ్లలోనో పాత పెట్టెలు, పటాలు, దస్తావేజులు నానిపోయాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవారి ఫారాల్లో టీవీకి గడి ఉంది, ఫ్రిజ్జుకు గడి ఉంది, భోషాణానికి లేదు.

6. చంద్రగిరి రాజమహల్‌కు పిల్లలను చాలాసార్లు తీసుకువెళ్లాను. అక్కడి రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు గొప్పవి. ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: "టీచర్, రాజు ఎక్కడ పడుకునేవాడు?" నా దగ్గర జవాబు లేదు. ఆ మహలును రాయి, ఇటుక, సున్నంతో, కలప వాడకుండా కట్టారు, అందుకే నిలిచింది. మనుషులు పడుకున్న, కూర్చున్న, తిన్న వస్తువులు కలపతో, నారతో, ఆకుతో చేసినవి. అవి నిలవవు, కనుక వాటిని ముందుగా రాసుకోవాలి. మన పరిరక్షణ అంతా నిలిచే వాటి చుట్టూనే తిరుగుతోంది.

పై కారణాల చేత కింది పనులు చేయవలసిందిగా కోరుతున్నాను.

7. అరవై ఏళ్లు దాటిన ఏ ఇంటికైనా కూల్చివేత అనుమతి ఇచ్చే ముందు ఒక పేజీ ఫారం నింపించాలి. అందులో గదుల వరుస, కప్పు ఏ రకం, తలుపుల, స్తంభాల కొలతలు, కదిలే సామాను జాబితా, ప్రతి వస్తువుకూ ఒక ఫోటో ఉండాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ ఇంటివారు దాన్ని పిలిచే మాట, దాని వాడుక వారి నోటి మాటల్లోనే ఉండాలి. అనుమతి ఆపడానికి కాదు ఈ ఫారం. నింపిన మరునాడే అనుమతి ఇవ్వండి. గ్రామ, వార్డు సచివాలయాల్లో కట్టడాల పనులు చూసే సిబ్బంది ఉన్నారు, వారి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఒక ఇంటికి ఒక పూట చాలు. దీనికి ప్రత్యేక నిధి కావాలని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

8. ఆ ఫారం నకలు ఒకటి ఇంటివారికి ఇవ్వాలి. అమ్మేటప్పుడు వారి చేతిలో ఉండవలసిన కాగితం అదే.

9. 1972 చట్టంలోని నాలుగు ముఖ్యమైన మాటలు తెలుగులో, పెద్ద అక్షరాలతో, తీర మండలాల కార్యాలయాల గోడల మీద రాయించాలి. పాత సామాను కొనడానికి వచ్చినవారు లైసెన్సు చూపి, కొన్న వస్తువుకు రసీదు ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉండాలి. ఉల్లంఘనను ఎవరికి తెలియజేయాలో కూడా రాయాలి. మూడు అర్జీలు తిరిగిన నాకు అది ఇప్పటికీ తెలియదు.

10. జిల్లాలో ఖాళీగా ఉన్న ఏదైనా పాత ప్రభుత్వ భవనంలో, వీలైతే సూళ్లూరుపేట, దుగరాజపట్నం వైపు, ఒక్క గదిని తీరప్రాంతపు గృహజీవనానికి కేటాయించాలి. అద్దాల బీరువాలు అక్కరలేదు. ఆవరణలో ఒక చుట్టిల్లు కట్టించండి, కట్టడం తెలిసిన పెద్దవారు ఇంకా ఉన్నారు, వారికి కూలి ఇచ్చి, పక్కన యువకులను నిలబెట్టి నేర్పించండి. లోపల వంటిల్లు చీకటిగానే ఉండనివ్వండి. నేను పైన చెప్పిన పెరటి గదికీ చోటుండాలి. మాధవమాల వడ్రంగులకు, శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి అక్కడ కొలతలు తీసుకునే, బొమ్మ గీసుకునే స్వేచ్ఛ ఉండాలి.

11. లోపలి అలంకరణ చేసే నిపుణులకు, హోటళ్ల వారికి నా విన్నపం వేరు. మీరు కొనకపోతే ఆ బల్ల బహుశా పొయ్యిలోకి పోయేది, ఆ సంగతి నేను ఒప్పుకుంటున్నాను. కానీ కొన్నప్పుడు ఊరు అడగండి. ఏ ఊరిది, ఏ సంవత్సరంలో కొన్నారు, అసలు దేనికి వాడేవారు అన్న మూడు సంగతులు పక్కన పలక మీద రాయండి. తెలియకపోతే "తెలియదు" అని రాయండి, చెట్టినాడు అని మాత్రం రాయవద్దు. చెట్టినాడు వారి ఇళ్లు చాలా గొప్పవి. మన వస్తువులను వారికి అంటగట్టడం వారికీ మర్యాద కాదు. మీ పలక చూసి రోజుకు ఎంతమంది యాత్రికులు మన జిల్లా గురించి తప్పు నేర్చుకుని వెళుతున్నారో ఒకసారి ఆలోచించండి.

ఈ లేఖకు లిఖితపూర్వకమైన జవాబు ముప్పై రోజుల్లో కోరుతున్నాను. రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద నా మూడు అర్జీల మీద ఏ అధికారి ఏ తేదీన ఏమి రాశారో అడుగుతాను. అది బెదిరింపు కాదు, పిల్లలకు ఆ చట్టం పాఠం చెప్పినదాన్ని, వాడకపోతే బాగుండదు.

ఒక తక్షణ విషయం. మా అమ్మగారి పుట్టింటికి నాలుగిళ్ల అవతల, అదే కాలంలో, బహుశా అదే వడ్రంగి చేతి మీద తయారైన మరొక ఇల్లు ఇంకా నిలిచి ఉంది. పందిరి మంచం, రెండు భోషాణాలు, తిరగలి, సున్నపు గోడల్లో తొమ్మిది దీపపు గూళ్లు, వెనుక ఆ చిన్న గది, అన్నీ ఉన్నాయి. ఇంటివారు చెన్నైలో స్థిరపడ్డారు. కార్తీకం వెళ్లగానే కూల్చి స్థలం చదును చేయాలని నిర్ణయించుకున్నారు. జాబితా రాసుకోవడానికి వారు సంతోషంగా ఒప్పుకున్నారు, నన్ను చూసుకోమన్నారు. కొలటేపు నేను కొన్నాను. కళ్లు సరిగా కనబడని నాకు అంకెలు చదివి చెప్పేందుకు, ఫోటోలు తీసేందుకు ఒక్క మనిషిని పంపండి. ఏ రోజైనా సరే, ఆదివారమైనా సరే. ఆ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు
తిరుపతి